పాత బుల్లెట్టా, కొత్త బుల్లెట్టా? జావా, ఆర్‌ఎక్స్ ప్రియులకు కూడా పనికొచ్చే పోలిక

"పాతది మంచిది దొరికితే కళ్లు మూసుకుని కొను, అసుమంటి బండి మళ్లీ రాదు" అని ఒకరంటారు. "పాతదానికి పెట్టే పైసలకు ఇంకొంచెం కలిపితే షోరూం బండే వస్తది కదా" అని ఇంకొకరంటారు. నల్గొండలోనైనా పాలమూరులోనైనా బండి కొనబోయేవాళ్లకు ఈ రెండు సలహాలూ ఒకే రోజు వినిపిస్తాయి. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే అన్ని బండ్లకూ ఒకే సమాధానం పనికిరాదు.

విదేశాల్లో ఇదే వాదన పాత పోర్షే 911, కొత్త 911ల మీద నడుస్తుంది. 1960ల నుంచి గాలితో చల్లబడిన ఆ ఇంజిన్ 1990ల చివర్లో నీటితో చల్లబడేదిగా మారింది. పాతదాన్ని ప్రేమించినవాళ్లు కొత్తదాన్ని తమదిగా ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మన దిక్కు స్పోర్ట్స్ కారు స్థానంలో ఉన్నది రెండు చక్రాల బండే. కుర్రకారు మనసు దోచిన మూడు పేర్లు బుల్లెట్, జావా-యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100. ఈ మూడింటి వారసత్వం మూడు రకాలుగా సాగింది. బుల్లెట్ ఎక్కడా ఆగకుండా నేటిదాకా వచ్చింది. జావా, యెజ్డీలు ఆగిపోయి, పేరు, రూపంతో తిరిగొచ్చాయి, ఇంజిన్ మాత్రం పూర్తిగా వేరు. ఆర్‌ఎక్స్‌కు అసలు వారసుడే లేడు. ఏది కొనాలన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు కాగితాలు. బండి ఎంత మెరుస్తున్నా ఆర్‌సీ సరిగా లేకపోతే అది ఇంటి ముందు నిలబెట్టుకోవడానికే పనికొస్తుంది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఆర్టీఏ ఆఫీసుకు బండిని తీసుకుపోయి చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి బైకు రెన్యువల్ ఫీజు 300 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 2000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. 15 ఏళ్లు దాటితే బండిని స్క్రాప్‌కు పట్టుకుపోతారని చాలామంది భయపడుతుంటారు. వయసును బట్టి పాత బండ్లను రోడ్డెక్కనీయకపోవడం ఢిల్లీ చుట్టుపక్కల గొడవ. తెలంగాణలో రెన్యువల్ అయిన బండిని నిశ్చింతగా నడుపుకోవచ్చు.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో రిజిస్టరైన బండ్ల మీద నల్గొండకైతే ఏపీ 24, మహబూబ్‌నగర్‌కైతే ఏపీ 22 ఉంటుంది. ఆ పాత నంబరు మీద మమకారం ఉన్నవాళ్లు ఎక్కువే, నాకూ ఉంది. కానీ ఆ నంబరుతో ఉన్న బండి చాలాసార్లు నాలుగైదు చేతులు మారి ఉంటుంది, ఆర్‌సీ మాత్రం ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉంటుంది. ఆయన బతికి ఉండి, సంతకం పెట్టగలిగితేనే బేరం ముందుకు తీసుకుపోండి. చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మారాలి, దానికి ఫారం 31 ఉంటుంది. అది వాళ్లు చేసుకోవాల్సిన పని, మీరు నెత్తికెత్తుకోకండి.

50 ఏళ్లు దాటిన బండ్లది ఇంకో దారి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాటిని వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించడానికి 20,000, రెన్యువల్‌కు 5,000 ఫీజు. అలా చేయించిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గానీ రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. 1960ల నాటి జావా మీ ఇంట్లో ఉంటే ఆలోచించాల్సిన విషయమే.

రెండోది మెకానిక్. పాత బండి కొనేముందు, దాన్ని విప్పి బిగించగల మనిషి మీకు ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. స్పార్క్‌ను నడిపించే పాయింట్లకు గ్యాప్ పెట్టడం, కార్బొరేటర్ ట్యూన్ చేయడం చెవితో నేర్చుకున్న పాత మెకానిక్‌లు నల్గొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఇంకా ఉన్నారు. కానీ వాళ్ల దగ్గర పని నేర్చుకునే పిల్లలు తక్కువైపోయారు. పార్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోక తప్పని రోజులుంటాయి.

మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. పాత బండిలో రబ్బరు పైపులు గట్టిపడి పగలడం, ఇనుప ట్యాంకు లోపల తుప్పు పట్టడం, కార్బొరేటర్ జెట్లు మూసుకుపోవడం దీనివల్ల ఎక్కువవుతాయి. నెలకోసారి తీసే బండి అయితే ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కొత్త బండ్లను ఈ పెట్రోలుకు తట్టుకునేలా చేశారు.

ఇక బ్రేకులు, లైటు. వీటిలో పాత బండి కొత్తదానికి సాటిరాదు, దీని మీద వాదన అక్కర్లేదు.

అంకెల్లో చూస్తే

| బండి | ఇంజిన్ | పవర్ | బరువు | బ్రేకులు |
|---|---|---|---|---|
| పాత బుల్లెట్ 350 | 346 సీసీ ఫోర్ స్ట్రోక్ | 18 హెచ్‌పీ | సుమారు 165 కిలోలు | డ్రమ్ |
| కొత్త బుల్లెట్ 350 | 349 సీసీ ఫోర్ స్ట్రోక్ | 20.2 హెచ్‌పీ | 195 కిలోలు | ముందు డిస్క్, ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం జామ్ కాకుండా చూసేది) |
| యెజ్డీ రోడ్‌కింగ్ | 250 సీసీ టూ స్ట్రోక్ | 16 హెచ్‌పీ | సుమారు 140 కిలోలు | డ్రమ్ |
| కొత్త జావా 350 | 334 సీసీ, లిక్విడ్ కూల్డ్ | 22 హెచ్‌పీ | 190 కిలోల పైన | డిస్క్, ఏబీఎస్ |
| ఆర్‌ఎక్స్ 100 | 98 సీసీ టూ స్ట్రోక్ | 11 హెచ్‌పీ | సుమారు 100 కిలోలు | డ్రమ్ |
| యమహా ఎంటీ-15 | 155 సీసీ, లిక్విడ్ కూల్డ్ | 18 హెచ్‌పీ | సుమారు 140 కిలోలు | డిస్క్, ఏబీఎస్ |

పవర్‌తో బరువును భాగించి చూడండి. పాత బుల్లెట్‌లో ఒక్కో హెచ్‌పీ 9 కిలోల చిల్లర మోస్తుంది, కొత్త బుల్లెట్‌లోనూ దాదాపు అంతే, ఇంకొంచెం ఎక్కువే. రోడ్‌కింగ్, కొత్త జావా సరిసమానం. అంటే ఇన్నేళ్లలో పెరిగిన పవర్‌ను పెరిగిన బరువు మింగేసింది. "కొత్తది కాబట్టి ఉరుకుతది" అనుకుని కొంటే నిరాశ తప్పదు. కొత్తవాటిలో మెరుగైంది ఆగడం, వెలుగు, నమ్మకం. ఈ పట్టికలో పికప్‌లో నిజంగా పైచేయి ఉన్నది ఎంటీ-15 ఒక్కదానికే.

బుల్లెట్: కొత్తదే కొనండి, లేదా మధ్యదారి

1955 నుంచి మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరుతో తయారైన బుల్లెట్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. కాస్ట్ ఐరన్ ఇంజిన్, విడిగా గేర్‌బాక్స్, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. మన ఊళ్లలో పటేల్ బండి, ఎస్సై బండి అంటే అదే. ఆ శబ్దం వెనక ఒక కారణం ఉంది. పిస్టన్ వెడల్పు 70 మి.మీ. అయితే అది పైకీ కిందికీ కదిలే దూరం 90 మి.మీ. పైగా బరువైన ఫ్లైవీల్. అందుకే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ మన చెవికి విడిగా వినిపిస్తుంది.

దాన్ని స్టార్ట్ చేయడం ఒక విద్య. తాళం తిప్పి, కిక్కును కాలితో మెల్లగా నొక్కుతూ ట్యాంకు ముందున్న ఆమ్మీటరు (కరెంటు చూపే మీటరు) ముల్లును చూస్తుండాలి. ముల్లు పక్కనుంచి మధ్యకు వచ్చి ఆగిన చోట, హ్యాండిల్ మీది డీకంప్రెషన్ లివర్ (సిలిండరు లోపలి ఒత్తిడిని వదిలేది) పట్టుకుని కిక్కును ఇంకొంచెం దించి, లివర్ వదిలి, కిక్కును పైదాకా రానిచ్చి ఒక్కటే దెబ్బ వేయాలి. ముల్లును చూడకుండా బలం మీద కొడితే కిక్కు వెనక్కి తన్ని పిక్క వాచిపోతుంది. ఇది తెలిసిన మనిషికి ఆ బండి ఇచ్చే తృప్తి వేరు. తెలియని మనిషికి పొద్దున్నే ఆఫీసు టైముకు టెన్షన్ ఇస్తుంది.

కొత్త బుల్లెట్ 2023 సెప్టెంబరులో వచ్చింది. ఇందులోని ఇంజిన్ 2020లో అదే కంపెనీ మీటియార్ బండితో మొదలైన 349 సీసీది. పిస్టన్ వెడల్పు 72, కదిలే దూరం 85.8 మి.మీ. పాత తీరు చాలావరకు మిగిలింది, అందుకే శబ్దంలో గాంభీర్యం ఉంది. వైబ్రేషన్ తగ్గించడానికి లోపల బ్యాలెన్సర్ పెట్టారు. నార్కట్‌పల్లి దాటాక 65వ నంబరు జాతీయ రహదారి మీద 80 మీద పోతున్నప్పుడు అద్దాల్లో వెనక లారీ స్పష్టంగా కనిపిస్తుంది. పాతదానిలో అదే వేగానికి అద్దం మొత్తం మసకే. పాత బుల్లెట్ రుచి చూసినవాళ్లు దీన్ని "మెత్తబడింది" అంటారు, అది నిజమే. అయినా పాతదాని స్వభావంలో ముఖ్యమైనది, తొందరపెట్టని ఆ నడక, ఇందులో మిగిలే ఉంది. అందుకే రోజూ వాడేవాళ్లకు బుల్లెట్ విషయంలో నా సలహా కొత్తదే. 2025 సెప్టెంబరులో 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి లెక్క ఇంకా కొత్తదాని వైపే మొగ్గుతుంది.

బడ్జెట్ అంత లేకపోతే మధ్యదారి ఉంది. 2009లో క్లాసిక్ 350తో వచ్చిన ఇంజిన్ కూడా 70, 90 కొలతలదే, కానీ గేర్‌బాక్స్ ఇంజిన్‌తో కలిసి ఉంటుంది, వాల్వులను కదిపే ట్యాపెట్లు సెట్ చేసే పని లేదు, సెల్ఫ్ స్టార్ట్ ఉంది. 2019 ఏప్రిల్ తర్వాతివాటికి ఏబీఎస్ కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇవి బాగా దొరుకుతాయి, చాలావాటికి ఆర్‌సీ గడువు ఇంకా మిగిలి ఉంటుంది, ఏ మండల కేంద్రంలోనైనా చేసే మెకానిక్ ఉంటాడు. మొదటిసారి బుల్లెట్ కొనేవాళ్లకు ఇంతకన్నా తెలివైన బేరం నాకు కనిపించదు.

జావా, యెజ్డీ: మీకు నచ్చింది రూపమా, ఇంజినా?

మైసూరులోని ఐడియల్ జావా 1961లో జావాలు చేయడం మొదలుపెట్టింది, 1973 నుంచి యెజ్డీ పేరు పెట్టింది, 1996లో మూతపడింది. ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు, టూ స్ట్రోక్. గేరు లివర్‌నే లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే అది కిక్ రాడ్ అయ్యేది. మొదటిసారి చూసినవాళ్లు దీన్ని అసలు నమ్మరు. పెట్రోలులో ఆయిల్ మనమే కలిపి పోసుకోవాలి.

2018 నవంబరులో మహీంద్రా అండతో జావా తిరిగొచ్చింది, 2022 జనవరిలో యెజ్డీ. కొత్త జావా ట్యాంకు వంపు, జంట సైలెన్సర్లు, ఆ మెరూన్ రంగు చూస్తే పాతదే గుర్తొస్తుంది. స్టార్ట్ చేస్తే మాత్రం అది వేరే బండి. ఫోర్ స్ట్రోక్, రేడియేటర్, ఆరు గేర్లు. పాత యెజ్డీ యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ఆ విడివిడి పేలుళ్ల శబ్దం కోసం వెతికేవాళ్లకు ఇందులో అది దొరకదు. రూపం కోసం, ఎండాకాలం నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా ఆగకుండా పోవడం కోసం అయితే కొత్తది చక్కగా పనికొస్తుంది. 43 డిగ్రీల ఎండలో పాత టూ స్ట్రోక్‌ను హైవే మీద ఫుల్ యాక్సిలరేటర్‌తో నడిపితే పిస్టన్ పట్టేసుకునే ప్రమాదం ఉంది.

కొత్త జావా కొనేముందు సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో కనుక్కోండి. బుల్లెట్‌కు ఉన్నంత విస్తృతంగా దీనికి మెకానిక్‌లు లేరు, రోడ్డు పక్కన విప్పే బండి కూడా కాదు. పాత యెజ్డీ అయితే రెండో బండిగానే పెట్టుకోండి.

ఆర్‌ఎక్స్ 100: వారసుడు లేని బండి

1985 నుంచి 1996 దాకా తయారైంది. మొదటి రోజుల్లో జపాన్ నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవాళ్లు, అందుకే "జపాన్ ఇంజిన్" అంటే ఇప్పటికీ రేటు వేరు. 98 సీసీతో 11 హెచ్‌పీ రావడానికి కారణం టూ స్ట్రోక్ కావడం. క్రాంక్ తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక పేలుడు, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటి. దానికి వంద కిలోల బరువు తోడైతే, సెకండ్ గేరులో యాక్సిలరేటర్ తిప్పగానే ముందు చక్రం తేలికైనట్టు అనిపించే ఆ పికప్ వస్తుంది. పొగ నిబంధనలు గట్టిపడ్డాక ఇలాంటి ఇంజిన్‌కు చోటు లేకుండా పోయింది. యమహా తర్వాత తెచ్చిన ఎఫ్‌జెడ్ 150 సీసీ బండే అయినా సుమారు 12 హెచ్‌పీతో 135 కిలోలు మోస్తుంది. పికప్‌లో ఆర్‌ఎక్స్‌ను తలపించే కొత్త బండి కావాలంటే ఎంటీ-15 చూడండి. వేగంలో అది ఆర్‌ఎక్స్‌ను దాటిపోతుంది, కానీ అనుభవం వేరు. ఆర్‌ఎక్స్ అంటే పిచ్చి ఉన్నవాళ్లకు కొత్త బండి ఏదీ ఆ లోటు తీర్చదు కాబట్టి, ఇక్కడ మాత్రం పాతదానివైపే మొగ్గుతాను. ఒకే షరతు: రోజూ తిరగడానికి ఇంకో బండి ఉండాలి.

రేటు సంగతి చెప్పాలంటే, బాగా చేయించిన ఆర్‌ఎక్స్‌కు లక్ష దాటి అడుగుతున్నారు. ఆ రేటు పెట్టేముందు ఇవి చూడండి. బోర్ (అరిగిన సిలిండరును తొలిచి పెద్దది చేయడం) ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టించారు? పిస్టన్లు పావు మి.మీ. చొప్పున 1 మి.మీ. దాకా పెద్ద సైజుల్లో దొరుకుతాయి. చివరి సైజు కూడా పడి ఉంటే ఇక సిలిండరు లోపల కొత్త స్లీవ్ (గొట్టం) వేయించాల్సిందే. ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ ఎక్కించి 100 అని అమ్మేవాళ్లున్నారు, అందుకే హ్యాండిల్ కింద హెడ్ పైపు దగ్గర ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు సమంగా రావాలి. ఒక అంకె లోతుగా, ఇంకోటి పైపైన ఉంటే, చుట్టూ పెయింట్ మందంగా ఉంటే, అక్కడితో లేచి వచ్చేయండి.

సైలెన్సర్ కోసి డప్పు శబ్దం తెప్పించుకున్న బండి ఎంత తక్కువకొచ్చినా వద్దు. పోలీసులతో గొడవ ఒకటైతే, టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ కొలత మారితే పికప్ కూడా పోతుంది.

రాజ్‌దూత్ 350 గురించి కూడా అడుగుతుంటారు. 1983లో వచ్చిన రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, మొదటి రకానికి 30 హెచ్‌పీ పైనే. ఆ వేగానికి అందులో ఉన్నవి డ్రమ్ బ్రేకులు. పార్టులు దొరకడం కష్టం, దొరికితే రేటు కష్టం. సేకరణ చేసేవాళ్లకు తప్ప నేను ఎవరికీ చెప్పను.

ఎవరికి ఏది

మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో చదువుతూ, ఇదే మొదటి బండి అయ్యే పిల్లలకు పాతది ఏదీ వద్దు. డ్రమ్ బ్రేకుతో నేర్చుకునే వయసు కాదది. ఎంటీ-15 గానీ, ఇంట్లో ఒప్పుకోకపోతే ఇంకా చిన్నదేదైనా గానీ, ఏబీఎస్ ఉన్నది కొనండి.

వారానికోసారి హైదరాబాద్ నుంచి ఊరికి వచ్చే ఉద్యోగులకు, అంటే నల్గొండకైనా మహబూబ్‌నగర్‌కైనా ఇంచుమించు 100 కిలోమీటర్లు, కొత్త బుల్లెట్ లేదా కొత్త జావా. శ్రీశైలం రోడ్డు మీద తిరిగేవాళ్లకు కూడా ఇదే మాట. అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డు మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక మధ్యలో పాత బండి ఆగిపోతే సాయం దొరకడం కష్టం. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో డ్రమ్ బ్రేకు వేడెక్కి పట్టు తగ్గుతుంది, అక్కడ గేరు మీదే దిగాలి.

దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో ఉండి పొలానికి, మార్కెట్‌కు ఒకే బండి వాడే రైతులకు ఇందులో ఏదీ సరైంది కాదు, వంద సీసీ మామూలు బండే మేలు. మనసు బుల్లెట్ మీదే ఉంటే పైన చెప్పిన మధ్యదారి చూడండి.

ఇక బాపు నడిపిన బండి పశువుల కొట్టంలోనో మెట్ల కిందో ఉన్నవాళ్లు. వీళ్లకు నా సలహా అందరికంటే వేరు: కొత్తది కొనేముందు దాన్ని లేపండి. చరిత్ర తెలుసు, నంబర్లలో మోసం ఉండదు. ముందు ఆర్‌సీ మీ పేరు మీదికి మార్పించి, తర్వాత ఇంజిన్ విప్పించండి. ట్యాంకు కడిగించి, పైపులు, టైర్లు, బ్రేకు షూలు మార్పించనిదే కిక్కు కొట్టకండి. ఒరిజినల్ పెయింట్ కొంచెం గీతలు పడి ఉన్నా అలాగే ఉంచండి, మళ్లీ వేయించిన మెరుపు కంటే అదే విలువైనది. దసరాకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, జమ్మి దాకా నడిపినా చాలు, ఇంట్లో పెద్దవాళ్ల ముఖం వెలిగిపోతుంది.

పాతది కొనాలని నిర్ణయించుకున్నవాళ్లు ఇన్సూరెన్స్ సంగతి కూడా అడిగి పెట్టుకోండి. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. మీరు లక్ష పెట్టి కొన్నా వాళ్లు అంత రాయకపోవచ్చు, పోతే వచ్చేది ఆ రాసిందే. థర్డ్ పార్టీ మాత్రం తప్పనిసరి. అమ్మేవాళ్లకు డబ్బు ఇచ్చేటప్పుడు కొంత బాకీ ఆపి, ఆర్‌సీ మీ పేరు మీద వచ్చిన రోజే ఆ మిగతాది ఇవ్వండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి అడ్డు చెప్పరు.